ఫ్లెక్సు మీద కోసిన సీటు

ఫిబ్రవరి 4

అత్తా,

కవరు ఇంత ఉబ్బి ఉందేమిటా అని కంగారుపడకు, నా పెళ్ళి శుభలేఖలేం కావు. అన్నీ ఫొటోలే. ఫోన్లో పంపితే నీకు కార్లన్నీ అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయన్నావుగా, అందుకే కాగితం మీద వేసి పంపుతున్నా. ఇప్పుడు నేను పనిచేసేది ఫొటోలు, ఫ్లెక్సులు ప్రింటు వేసే షాపులో. అవును, మళ్ళీ కొత్త ఉద్యోగమే. మీ అన్నయ్య ఈపాటికి ఫోన్ చేసి నీ చెవిలో పోసే ఉంటాడు.

ప్రతి నెలా మొదటి ఆదివారం బస్టాండు వెనక మైదానంలో పాత కార్ల షో పెడతారు. అమ్మకానికి కాదు, ఊరికే చూపించుకోడానికి. ఒక వరసలో ఉన్నవి ఉన్నట్టు కాపాడుకున్న పాత కార్లు, ఇంకో వరసలో ఓనర్లు తమకి నచ్చినట్టు మార్చుకున్నవి. నేను తెల్లారగానే పోయి, ఎండ ఎక్కేదాకా అక్కడే పడి ఉంటున్నా.

ఎర్రది చూడు. నేల మీద పాకుతున్నట్టు లేదూ? కావాలనే అంత కిందికి దించారు. ఓనరు ఒక పళ్ళ డాక్టరు. గడ్డిలో బోర్లా పడుకుని, గడ్డం నేలకి ఆనించి తీశా. లేచేసరికి చొక్కా అంతా పచ్చగా అయింది. "నా కారుకన్నా నీ చొక్కాకే రంగు బాగా పట్టిందయ్యా" అన్నాడాయన.

తర్వాతది బానెట్ మీద మంటలున్న కారు. స్టిక్కరు కాదత్తా, చేత్తో వేసిన మంటలు. ఒక్కో మంట చివర వెంట్రుకంత సన్నగా తేలిపోతుంది. వేసినాయన పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఊపిరి బిగబట్టి గీశారా" అని అడిగా. "బిగబడితే చెయ్యి వణుకుద్ది, వదుల్తూ గీయాలి" అన్నాడు.

అన్నిటికన్నా అడుగున పెట్టింది నాకు ప్రాణం. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి వీపు. దాని ఓనరు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన తాత. ఇనపసామాన్ల కొట్టులో తుక్కు కింద పడున్నదాన్ని తెచ్చి, ఏళ్ళ తరబడి ఒక్కో ముక్కా వెతికి పెట్టుకున్నాడు. దాని బంపరులో చూడు, నేనూ నా కెమెరా, వెనక మైదానం, పైన ఒక మబ్బు కూడా ఉన్నాయి.

ఎలా ఉన్నాయో నిజం చెప్పు. నా మొహం చూసి చెప్పక్కర్లేదు కాబట్టి ఉత్తరంలో తేలిక.

నీ బొంగరం


ఫిబ్రవరి 12

ఒరేయ్ బొంగరం,

ఫొటోలు అందాయి. మా సీట్ల షాపు గోడకి అంటించాను. వచ్చినవాళ్ళు వచ్చిన పని మర్చిపోయి వాటినే చూస్తున్నారు. మా ఓనరు కూడా కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. ఆ మంటల కారు దగ్గరికి వేలు తీసుకెళ్ళి, కాలుతుందేమో అన్నట్టు వెనక్కి లాక్కున్నాడు. ఇంకేం కావాలిరా నీకు?

కానీ ఒక మాట. ఇన్ని కార్లు తీశావు, ఒక్కదాని లోపల ఏముందో తెలీదు. పెళ్ళికెళ్ళి మండపం గేటు దగ్గర్నుంచే ఫొటోలన్నీ తీసుకొచ్చినట్టుంది. సీట్లేవిరా? మీ అత్త బతుకంతా కారు సీట్లు కుట్టిందని తెలిసి కూడా ఒక్కటి తియ్యలేదు. నేనేమనుకోవాలి?

ఇక్కడ సంగతులకేం, అన్నీ రెడీమేడ్ కవర్లే ఇప్పుడు. దిండు గలీబుల్లా తొడిగి, వెనకాల కొక్కేలు తగిలిస్తే అయిపోయింది. నా మిషను మీద ఓనరు అట్టపెట్టెలు పేర్చుకున్నాడు. సీటు మొత్తం నా చేత్తో కోసి కుట్టి ఎన్నాళ్ళయిందో.

ఈ ఉద్యోగంలోనైనా నాలుగు నెలలు కుదురుగా ఉండు. గడ్డిలో పడుకునేటప్పుడు చీమలు చూసుకో.

అత్త


మార్చి 4

అత్తా,

నువ్వన్నది నిజమే. నాకు బుద్ధి లేదు. ఈ ఆదివారం ఒక్క చక్రం కూడా తియ్యలేదు, అన్నీ లోపలివే.

అయితే అది అంత తేలిక కాదు. షోలో ఎవరి కారునీ ముట్టుకోకూడదు. ఓనర్లు నీ చేతులు ఎక్కడున్నాయో చూస్తారు గానీ నీ మొహం చూడరు. ఒక్కొక్కరినీ బతిమాలి తలుపు తెరిపించా. డాక్టరుగారైతే నా చెప్పులు విప్పించాడు. లోపల ఎర్ర తోలు, తెల్ల అంచు. తోలు వాసనకి నాకు చిన్నప్పుడు నీ షాపులో నిద్రపోయిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.

డ్రైవర్ తాత మాత్రం తలుపు తెరవనన్నాడు. రెండు టీలు తాగాక తెరిచాడు. చూస్తే ముందు సీటు మీద పూల దుప్పటి పరిచి ఉంది. అది తియ్యమంటే కొత్త పెళ్ళికొడుకులా సిగ్గు. కింద తోలంతా చీలికలు, మధ్యలోంచి పీచు బయటికొచ్చింది, ఒక స్ప్రింగు నా వేలు కొరికింది. ఒకటే పొడుగాటి సీటత్తా అది, ముగ్గురు ఒత్తుకోకుండా పట్టేంత. "బండంతా అయింది, ఇదొక్కటే మిగిలింది. రెడీమేడ్ కవరు తొడుక్కోమంటున్నారు. ఇంత చేసి దానికి గలీబు తొడగనా?" అన్నాడు. మే నెలలో ఏడాదికోసారి జరిగే పెద్ద షో ఉంది. పై ఊళ్ళ నుంచి కూడా వస్తారు. దానికి దుప్పటితో వెళ్ళనని మంకుపట్టు.

ఆయన మొహం చూసి నా నోరు ఆగలేదు. "మా అత్త కుడుతుంది తాతా" అనేశా.

తిట్టేది తర్వాత తిట్టు. ముందు ఆ చీలిక ఫొటో దగ్గరగా పెట్టుకుని చూడు.

నీ బొంగరం


మార్చి 11

ఒరేయ్,

నా తరఫున మాటివ్వడానికి నువ్వెవడివిరా? మీ నాన్న కూడా నన్ను అడక్కుండా నా తరఫున ఏదీ ఒప్పుకోలేదు. రేపు నా వల్ల కాకపోతే ఆ పెద్దాయనకి మొహం చూపించేది నువ్వు, చెడ్డపేరు నాకు.

ఫొటో భూతద్దం పెట్టి చూశాను. నిలువు మడతలు, ఒక్కో మడతలో పీచు కూరి, రెండేసి వరసల కుట్టు. ఎవరు కుట్టారో గానీ దండం పెట్టాలి. ఇన్నేళ్ళయి తోలు పోయింది గానీ కుట్టు పోలేదు చూశావా? అంచున తాడులా తిరిగే పైపింగ్ మలుపు దగ్గర ఎక్కడా అతుకు లేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచిస్తున్నాను, ఆ మలుపు ఎలా తిప్పారా అని.

నా దగ్గర ఒక తోలు ఉంది. ముదురు గోధుమ రంగు, వెన్నలా మెత్తగా ఉంటుంది. అలాంటిది ఇప్పుడు దొరకదు. మంచి బండి వస్తే వాడదామని పాత చీరలో చుట్టి అలమర మీద దాచాను. అది ఒక్క సీటుకే సరిపోతుంది. కోత తప్పితే మళ్ళీ తోలు లేదు, అర్థమైందా?

అందుకని పాత కవరు విప్పి పార్సిల్ చెయ్యి. దాన్నే అచ్చుగా పెట్టుకుని కోస్తాను.

ఒప్పుకున్నానని ఎగరకు. తోలు ఊరికే మురిగిపోతుందని చేస్తున్నాను.

అత్త


మార్చి 20

అత్తా,

ఎగరలేదు. షాపులో ఒక్క గెంతు గెంతా, అంతే.

పాత కవరు మాత్రం తాత ఇవ్వనంటున్నాడు. ఎప్పుడో గేరు కర్ర మీది పింగాణీ గుండు ఎవరికో నమూనాకిచ్చాడట, మనిషీ రాలేదు గుండూ రాలేదు. "బండిది ఏదీ నా కళ్ళ ముందు నుంచి పోదు" అంటాడు. పైగా రోజూ పొద్దున్న ఒక చుట్టు తిప్పకపోతే బండి అలుగుతుందట.

కానీ నాకొక ఉపాయం తట్టింది. మా ఓనరు దగ్గర కొత్త లెన్సు ఉంది. ఎంత ఇరుకు గదినైనా మొత్తంగా పట్టేస్తుంది. అది అడిగి తీసుకున్నా. కారులో డాష్‌బోర్డు మీదికెక్కి, వీపు అద్దానికి ఆనించి, మోకాళ్ళు చెవుల దగ్గర పెట్టుకుని తీశా. తాత బయట నిలబడి "అద్దం పగిల్తే నిన్నే బిగిస్తా అక్కడ" అంటూనే ఉన్నాడు. సీటు మొత్తం ఒక్క ఫొటోలో వచ్చింది. మధ్యలో అడ్డంగా నీ టైలరు టేపు లాంటిది పరిచా.

ఆ ఫొటోని ఫ్లెక్సు మీద అసలు సైజులో ప్రింటు వేశా. టేపు మీద టేపు పెట్టి చూశా, గీతకి గీత సరిపోయింది. ఇదిగో, సీటే చుట్టచుట్టి పంపుతున్నా. దీన్ని తోలు మీద పరుచుకుని కోసెయ్. ప్రపంచంలో ఎవరికైనా ఇలాంటి అచ్చు దొరికిందా చెప్పు.

నీ బొంగరం


ఏప్రిల్ 9

నాయనా బొంగరం,

ఫ్లెక్సు నేల మీద పరిస్తే షాపులో పిల్లి వచ్చి దాని మీద పడుకుంది, నిజం సీటనుకుని. నేను కూడా ఒక క్షణం చెయ్యి పెట్టి నొక్కబోయాను. ఏం తీశావురా. ఒక్కో కుట్టు రంధ్రం కనిపిస్తోంది.

నా టేపు కూడా పెట్టి చూశాను. నువ్వన్నట్టే సరిపోయింది. సీటు మాత్రం విచిత్రంగా ఉంది, ముందు వెడల్పు, వెనక సన్నం. ఇన్నేళ్ళలో ఇలాంటిది చూళ్ళేదు. మోకాళ్ళు కులాసాగా పెట్టుకోడానికి అలా చేసుంటారు. పాతకాలం వాళ్ళ ఆలోచనే వేరు.

కత్తెర పెట్టేముందు మాత్రం చాలాసేపు కూర్చున్నాను. పెట్టాక ఆగలేదు. మిషను మీది పెట్టెలు నేనే దించేశాను, ఓనరు చూసి ఊరుకున్నాడు. మడతలన్నీ కుట్టి, ఆ పైపింగ్ మలుపు కూడా అతుకు లేకుండా తిప్పాను. ఎలాగో ఇప్పుడు చెప్పను. నువ్వే చూసి చెప్పు.

పార్సిల్ ఇవ్వాళే వేశాను. తొడిగేముందు కాసేపు ఎండలో పెట్టండి, తోలు మెత్తబడుతుంది. తొడిగాక ఫొటో తీసి పంపు. గోడ మీద మధ్యలో దానికోసం చోటు ఖాళీ పెట్టాను.

అత్త


ఏప్రిల్ 16

అత్తా,

ఎలా రాయాలో తెలీడంలేదు.

కవరు పట్టలేదు. ముందు వైపు అన్నయ్య చొక్కా తమ్ముడికి వేసినట్టు వేలాడుతోంది. వెనక వైపు ఎంత లాగినా అందడంలేదు. ఎండలో పెట్టాం, ఇద్దరం చెరోవైపు పట్టి లాగాం. తాత దాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు మడతపెట్టి వెనక సీట్లో పెట్టి, మళ్ళీ దుప్పటి పరుచుకున్నాడు. తిట్టినా బాగుండేది.

కుట్టు మాత్రం మాటల్లేవు. ఆ మలుపు చూసి తాత వేలు పెట్టి మూడుసార్లు తడిమాడు.

ఫ్లెక్సు కొలత తప్పే పని లేదు, నువ్వూ చూశావుగా. కోసేటప్పుడు ఎక్కడైనా జారిందేమో. నీకు చాలాకాలం అయింది కదా, కొంచెం చెయ్యి అలవాటు తప్పి ఉంటుంది. అందులో తప్పేం లేదు. ఎవరికైనా జరుగుతుంది.

బొంగరం


ఏప్రిల్ 21

చిరంజీవికి,

మీ ఉత్తరం అందింది. చెయ్యి అలవాటు తప్పిందేమో అన్నారు. అయి ఉండొచ్చు. వయసు వచ్చింది.

ఆ పెద్దాయనకి నా తరఫున క్షమించమని చెప్పండి. ఆ రంగు తోలు ఇంక లేదు. రెడీమేడ్ కవరు ఏదైనా చూసుకోమనండి, ఇప్పుడు మంచివే వస్తున్నాయి. మిషను మీద పెట్టెలు మళ్ళీ పెట్టుకోమని మా ఓనరుకి చెప్పేశాను.

అత్త


ఏప్రిల్ 29

అత్తా,

నన్ను "మీరు" అన్నావు. దానికన్నా చెప్పు తీసుకుని కొట్టినా హాయిగా ఉండేది.

చివరిదాకా చదువు. చించెయ్యకు.

నిన్న డాక్టరుగారు తన ఎర్ర కారు ఫొటోలు తీసుకోడానికి షాపుకొచ్చాడు. ఆ కొత్త లెన్సుతోనే తీశా అవి. చూసి నవ్వాడు. "దీని ముందు చక్రం లారీదిలా ఉంది, వెనకది స్కూటరుదిలా ఉంది, భలే తీస్తావయ్యా" అన్నాడు. ఆ లెన్సుతో నాకు నచ్చేదే అదత్తా. దగ్గరున్నది ఉబ్బుతుంది, దూరంది కుంచించుకుపోతుంది, కారు మీదికి దూకుతున్నట్టు ఉంటుంది. అందరూ ఆహా అంటారు. నేనూ నవ్వా. ఆయన వెళ్ళిపోయాక ఆ ఫొటోనీ మన సీటు ఫొటోనీ పక్కపక్కన పెట్టి చూశా.

షాపు నేల మీద పలకలన్నీ ఒకే సైజు. ఆ లెన్సు పెట్టి వాటిని తీశా. ప్రింటులో దగ్గరి పలక పళ్ళెమంత, దూరంది బిస్కెట్టంత. నేను డాష్‌బోర్డు మీద కూర్చుని తీశానుగా, సీటు ముందంచు నా కాళ్ళ దగ్గర, వెనకంచు దూరం. టేపు పరిచింది మధ్యలో. అందుకని మధ్యలో కొలత సరిపోయింది, ముందు పెరిగింది, వెనక తరిగింది. ఆ సీటు ముందూ వెనకా ఒకటే వెడల్పు. నీకు విచిత్రం అనిపించినప్పుడైనా నేను పోయి ఒక్కసారి కొలిచి ఉండాల్సింది.

ఫ్లెక్సు ఇంకోటి ప్రింటు వేసి, నువ్వు కుట్టిన కవరు దాని మీద పరిచా. నూలుపోగంత తేడా లేదు. నువ్వు ఇసుమంత కూడా జారలేదత్తా. నేను నీకు అబద్ధం సీటు పంపా, నువ్వు దాన్ని అచ్చం కుట్టావు.

రెండూ చంకన పెట్టుకుని తాత ఇంటికెళ్ళి పరిచి చూపించా.

"అయితే తప్పు కెమెరాది" అన్నాడు.

"కాదు తాతా, నాది. అత్త చెయ్యి అలవాటు తప్పిందని కూడా రాశాను."

"అది రాసినందుకు నిన్ను బస్సు కిందెయ్యాలి" అన్నాడు. కాసేపు ఆ మలుపు కుట్టునే చూస్తూ కూర్చుని, "మీ అత్త ఊరి రోడ్డు ఇప్పుడెలా ఉంది? నేను నడిపిన రూటే అది. వంతెన దగ్గర గుంతలు పూడ్చారా?" అని అడిగాడు.

శనివారం బయల్దేరుతున్నాడు, బండేసుకుని. సీటు నీ దగ్గరికి రాదన్నాడుగా, బండి మొత్తం తెస్తున్నాడు. నిన్ను అడక్కుండా మళ్ళీ ఒప్పుకున్నా. నేను రాలేను, షాపులో ఆర్డర్లు మీద పడ్డాయి, ఓనరు ఒక్కడే ఉన్నాడు. నువ్వు తలుపేసుకుంటే మాత్రం ఆయన వాకిట్లో హారను కొడతాడు. అది బస్సు హారను, చెప్తున్నా.

బొంగరం


మే 6

ఒరేయ్ బొంగరం,

ఈ ఉత్తరం ఆ పెద్దాయన చేతికే ఇచ్చి పంపుతున్నాను.

హారను కొట్టాడు. వీధంతా బయటికొచ్చింది. ఫొటోలో చూసిన బండి వచ్చి నా గుమ్మం ముందు నిలబడింది. నువ్వు ఎంత బాగా తీసినా ఆ ఆకుపచ్చ రంగు కాగితం మీదికి రాలేదురా. నీడలో నల్లగా, ఎండలోకి జరిపితే లేత ఆకులా. చుట్టూ రెండుసార్లు తిరిగి అప్పుడు తలుపు తీశాను.

నీ ఉత్తరం వచ్చేదాకా నేనెలా ఉన్నానో నీకు తెలియాలి. చెయ్యి పోయిందని నువ్వన్నందుకు కాదు బాధ, నేను నమ్మేశాను. గ్లాసులో నిండా నీళ్ళు పోసి పట్టుకుని చూసుకునేదాన్ని, వణుకుతోందా అని. వణక్కపోయినా నమ్మకం రాలేదు. నూలుపోగంత తేడా లేదని నువ్వు రాసిన వాక్యం మా ఓనరుకి చదివి వినిపించాను. ఆయనే వెళ్ళి పెట్టెలు దించాడు.

సీటు మీదే సుద్దతో గీసుకున్నాను. కవరు విప్పదీసి చూస్తే, ముందు ఎక్కువైన తోలు ముక్కలు ముక్కలుగా వస్తోంది, వెనక్కి చాలదు. ఎంత తిప్పినా చాలదు. నా దగ్గర ఇంకో రంగు తోలు ఉంది, వెన్న రంగు. అది మధ్యలో పట్టీలా వేస్తే సరిపోతుంది. కానీ పాతదానిలా ఉండదు. ఆ మాటే చెప్పాను.

పెద్దాయన బయటికెళ్ళి బండి పక్కన నిలబడ్డాడు. టీ చల్లారిపోయింది. లోపలికొచ్చి, "అమ్మా, ఇది ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలా చెయ్యాలని ఇన్నాళ్ళూ తిరిగాను. అప్పటి సీటు ఎవరు కుట్టారో నాకు తెలీదు. ఇది ఎవరు కుడుతున్నారో తెలుసు. వెయ్యండి పట్టీ" అన్నాడు.

కుట్టినంతసేపూ పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. బండిది ఏదీ ఆయన కళ్ళ ముందు నుంచి పోకూడదటగా. నేను మలుపు తిప్పేటప్పుడు మాత్రం "అటు చూడండి, ఇది నా రహస్యం" అన్నాను. బుద్ధిగా గోడవైపు తిరిగాడు.

తొడిగాం. పట్టింది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా వదల్లేదు. ఆయన దుప్పటి నా దగ్గరే వదిలేసి వెళ్తున్నాడు.

షోలో ఆ సీటు ఫొటో తీసి పంపు. మామూలు లెన్సుతో తగలడు.

అత్త


మే 20

అత్తా,

షో అయింది. మైదానం చాలక పక్క రోడ్డు మీద కూడా కార్లు పెట్టారు. జడ్జీలు తాత బండి దగ్గర చాలాసేపు ఆగారు. బానెట్ చూశారు, బంపరు చూశారు, తలలూపారు. తలుపు తీసి వెన్నరంగు పట్టీ చూడగానే ఒకాయన పెన్ను మూసేసి, "అన్నీ బావున్నాయి గానీ సీటు అసలుది కాదు కదండీ, ఈ వరసలో ఉండకూడదు" అన్నాడు.

తాత గొడవపడతాడనుకున్నా. బండి స్టార్ట్ చేసి, హారను కొట్టుకుంటూ మైదానం అడ్డంగా దాటి, మార్చుకున్న కార్ల వరసలో డాక్టరుగారి ఎర్ర కారుకీ మంటల కారుకీ మధ్య పెట్టేశాడు. దిగి, చేతులు దులుపుకుని, "ఇక్కడ గాలి బావుంది" అన్నాడు. బహుమతి రాలేదు. ఆయన దాని ఊసే ఎత్తలేదు.

మంటలు వేసినాయన వచ్చి సీటు అంచు మలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. చూసి చూసి, "ఇది కుట్టింది చెయ్యేనా" అన్నాడు. డాక్టరుగారు నీ అడ్రసు రాసుకున్నాడు, ఇంకో ఇద్దరు కూడా. నేనెవరికీ మాటివ్వలేదు, ఒట్టు. నువ్వే మాట్లాడుకో.

నువ్వు అడిగిన సీటు ఫొటో మాత్రం లేదు. చూశావుగా, కవర్లో ఉన్నవన్నీ జనం ఫొటోలే. మిగతావాళ్ళు తాళ్ళు కట్టి కార్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వకపోతే, తాత రెండు తలుపులూ బార్లా తెరిచి వచ్చినవాళ్ళందర్నీ కూర్చోమన్నాడు. ముసలాళ్ళు, చంటిబిడ్డ తల్లులు, ఆ పెన్ను మూసిన జడ్జీ కూడా. ఎప్పుడు కెమెరా ఎత్తినా సీటు మీద ముగ్గురు ఉన్నారు. ఒక్కసారి ఐదుగురు.

అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం ఎండ ఏటవాలుగా లోపలికి పడుతున్నప్పుడు ఖాళీ దొరికింది. ఎంత బావుందో చెప్పలేనత్తా. గోధుమరంగు వెచ్చగా మెరుస్తోంది, మధ్యలో ఆ పట్టీ. మామూలు లెన్సే బిగించా. కెమెరాలోంచి చూస్తే, అప్పటిదాకా జనం కూర్చున్న గుంటలు తోలు మీద ఇంకా నెమ్మదిగా పైకి లేస్తున్నాయి. అవి పూర్తిగా లేవకముందే కెమెరా పక్కన పెట్టేసి, వెళ్ళి మధ్యలో కూర్చున్నా.

నీ మేనల్లుడు